పట్టా తక్కువైన వైద్యుడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఈ సంచిక మీ చేతికి అందిన రోజున ఇంటికి వెళ్ళి, వంటింట్లో ఉన్న రొట్టె పొట్లాన్ని ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. వాడిన పదార్థాల జాబితాలో గోధుమపిండి పక్కనే ఫోలిక్ ఆమ్లం అన్న మాట కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో రొట్టెల తయారీకి వాడే గోధుమపిండిలో, సేంద్రియ పిండి మినహాగా, ఈ విటమినును కలపడం 2009 సెప్టెంబరు నుంచి చట్టప్రకారం తప్పనిసరి. గర్భం దాల్చిన తొలి వారాలలో తల్లి శరీరంలో ఇది చాలకపోతే శిశువు వెన్నెముక, మెదడు సరిగా రూపొందకపోయే ప్రమాదం ఉంది. ఆ సంబంధాన్ని వెలికితీసిన పరిశోధనలలో మన పెర్త్ నగరంలో ఫియోనా స్టాన్లీ, కరోల్ బోవర్ చేసిన కృషికి ముఖ్యస్థానం ఉంది. అయితే అంతకు చాలా ముందే ఆ విటమినును కాలేయం నుంచి వేరుచేసి, దాని నిర్మాణాన్ని తేల్చి, ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పినవాడు.

దేవాలయ యువజనుల కోసం ఆత్మవిశ్వాసం గురించి ఏదైనా రాయమని సంచిక నిర్వాహకులు నన్ను కోరారు. దాన్ని పెంచుకునే మార్గాలను వరుస సంఖ్యలు వేసి చెప్పే పుస్తకాలు మీకు ఏ విమానాశ్రయంలోనైనా దొరుకుతాయి. నేను వైద్యురాలిని. ఒక సూత్రం కంటే ఒక మనిషి చరిత్ర ఎక్కువ చెబుతుందని నా వృత్తి నాకు నేర్పింది. కనుక మీకు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చెబుతాను. ఆయన పేరు మీ తల్లిదండ్రులు విని ఉంటారు. మీలో ఎక్కువమంది విని ఉండరు. ఆయన పని మాత్రం మీ అందరి ఇళ్ళలోనూ ఉంది.

ఆయన 1895 జనవరి 12న జన్మించారు. అదే తేదీన, 32 సంవత్సరాలకు పూర్వం, కలకత్తాలో వివేకానందుడు జన్మించాడు. ఇది యాదృచ్ఛికమే, కాని ఈ రెండు పేర్లు ముందుముందు మళ్ళీ కలుసుకుంటాయి. తండ్రి జగన్నాథం గారు చిన్న రెవెన్యూ ఉద్యోగి. ఆరోగ్యం చెడిపోయి ముందుగానే ఉద్యోగం వదులుకున్నారు. తల్లి వెంకమ్మ గారు. పెద్ద సంసారం, చాలీచాలని రాబడి. బాలుడైన సుబ్బారావుకు చదువు కంటే లోకం చూడాలన్న ఆశ ఎక్కువ. పదమూడవ ఏట, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. మధ్యదారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు.

రాజమండ్రిలో చదువుతున్న రోజులలో ఇంట్లో వరుసగా రోగాలూ మరణాలూ. పరీక్ష తప్పాడు. మళ్ళీ తప్పాడు. ఆ కాలంలో పేద ఇంటి పిల్లవాడు రెండుసార్లు మెట్రిక్యులేషన్ తప్పితే ఏదో ఒక కచేరీలో గుమాస్తాగా చేరడమే పరిపాటి. వెంకమ్మ గారు దానికి ఒప్పుకోలేదు. ఉన్న కొద్దిపాటి బంగారాన్నీ ఇచ్చి కుమారుణ్ణి మదరాసు పంపిందని చెబుతారు. అక్కడ హిందూ హైస్కూలు నుంచి మూడవ ప్రయత్నంలో ఆయన ఉత్తీర్ణుడయ్యాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను. మీలో కొందరు పన్నెండవ తరగతి మార్కుల కోసం ఎదురుచూస్తూ ఉంటారు. కొందరికి ఆ మార్కులు ఇప్పటికే వచ్చి, ఆశించిన కోర్సు దక్కక, దేవాలయంలో ఎదురుపడిన ప్రతి పెద్దవారి ప్రశ్నకూ జవాబు చెప్పలేక తల వంచుకుని ఉంటారు. నేను మిమ్మల్ని చూశాను. నేను కూడా ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఇక్కడి వైద్యులకు పెట్టే పరీక్ష మొదటిసారి తప్పాను. ఆ సంగతి నా పిల్లలకు చాలాకాలం చెప్పలేదు. చెప్పకపోవడం తప్పని ఇప్పుడు అనుకుంటాను. సుబ్బారావు గారి కథను కూడా మనవాళ్ళు విజయం దగ్గర మొదలుపెట్టి చెబుతారు. రెండు అపజయాలను ఒక వాక్యంలో ముగించేస్తారు. ఆ రెండు సంవత్సరాలు ఆ పిల్లవాడికి ఒక వాక్యం కాదు.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆయనకు గణితం బాగా అబ్బింది. మనసు మాత్రం రామకృష్ణ మఠం వైపు తిరిగింది. సన్యసించాలన్నది ఆయన కోరిక. తల్లి అనుమతి ఇవ్వలేదు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోలేమన్న మఠం పెద్దలు, వైద్యం చదివితే ఆ విద్యతోనే సేవ చేయవచ్చునని సలహా ఇచ్చారు. అలా మదరాసు వైద్య కళాశాలలో చేరారు. చదువుకు స్నేహితులు సాయపడ్డారు. అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆర్థికంగా ఆదుకున్నారు. ఆయన కుమార్తె శేషగిరితోనే 1919లో సుబ్బారావు గారి వివాహం జరిగింది. ఆమె అప్పటికి చిన్న బాలిక. ఆమెను గుర్తు పెట్టుకోండి.

అవి గాంధీజీ విదేశీ వస్త్రాలను విడిచిపెట్టమని పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళాడు. శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది రుచించలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరకు చేతికి వచ్చినది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే తక్కువదిగా లెక్కించే ఎల్.ఎం.ఎస్. పట్టా. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే దొరకలేదు. చివరకు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించే ఉపన్యాసకుడిగా కుదురుకున్నారు.

ఒక గుడ్డ కోసం ఒక పట్టా పోగొట్టుకోవడం తెలివైన పనేనా అని మీరు అడగవచ్చు. నా వృత్తిలో నలభై మంది ఒకే రంగు దుస్తులు వేసుకుని నిలబడిన గదిలో వేరుగా నిలబడడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీకు కూడా తెలుసు. బడిలో మధ్యాహ్న భోజనం డబ్బాలో పులిహోర తెరవడానికి సంకోచించిన పిల్లలు మీలో ఎందరో ఉన్నారు. ఆయన ఆ పరీక్షలో నెగ్గాడనే నేను అంటాను. నష్టం కూడా నిజమే. ఆ తక్కువ పట్టా ఆయనను సముద్రాలు దాటి వెంబడించింది.

1921లో ఆ కుటుంబంపై పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే వ్యాధికి, అంటే పేగులు ఆహారాన్ని ఇముడ్చుకోలేక రక్తం క్షీణించి మనిషి కరిగిపోయే జబ్బుకు, ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల వ్యవధిలో బలి అయ్యారు. ఆయనకు కూడా అది సోకింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. వైద్యుడై ఉండి సోదరులను కాపాడుకోలేకపోయినవాడికి, తనను బ్రతికించిన మందు ఎందుకు పనిచేసిందో తెలియనివాడికి, ఊరుకోవడం సాధ్యం కాలేదు. ఉష్ణమండల వ్యాధులను చదవడానికి అమెరికా వెళ్ళాలనుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు కలిసి ఖర్చు సమకూర్చారు. 1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్ చేరారు. గర్భవతి అయిన భార్య అనపర్తిలో ఉంది.

హార్వర్డ్ ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చేరడానికి అనుమతి దొరికింది. కాని ఎల్.ఎం.ఎస్. పట్టాతో ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేసే వీలు లేదు. పొట్టపోసుకోవడానికి పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రి పూట పనివాడిగా చేరారు. రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తి శుభ్రం చేయడం ఆ పనిలో భాగం. మదరాసులో విద్యార్థులకు పాఠం చెప్పిన ఉపన్యాసకుడు బోస్టన్‌లో రాత్రంతా ఈ పని చేసి, పగలు తరగతిలో కూర్చునేవాడు. ఈ నగరంలో టాక్సీ నడిపిన ఇంజనీర్లనూ, వృద్ధాశ్రమాలలో రాత్రి పని చేసిన ఉపాధ్యాయులనూ నేను ఎరుగుదును. మీ ఇంట్లోనే అటువంటివారు ఉండవచ్చు. వారు ఆ రోజుల గురించి మాట్లాడకపోతే మీరే అడగండి.

డిప్లొమా ముగిసిన తరువాత ఆయన హార్వర్డ్‌లోనే జీవరసాయన శాస్త్ర విభాగంలో చేరారు. అక్కడ సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి పని. తొలి సమస్య చూడడానికి చాలా చిన్నది: రక్తంలో, మూత్రంలో, కణజాలంలో భాస్వరం ఎంత ఉందో కచ్చితంగా కొలవడం ఎలా? అప్పటి పద్ధతులు నెమ్మదిగా, నమ్మకం లేకుండా ఉండేవి. భాస్వరం ఉన్న ద్రావణానికి మాలిబ్డేట్ కలిపి, తగిన మరొక రసాయనంతో చర్య జరిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత గాఢం. ఆ రంగును కొలిస్తే చాలు. 1925లో ప్రచురించిన ఈ ఫిస్క్–సుబ్బారావు పద్ధతిని తరతరాల జీవరసాయన విద్యార్థులు నేర్చుకున్నారు. నేను వైద్య కళాశాల మొదటి సంవత్సరంలో పరీక్షనాళికలో ఆ నీలం చూశాను. ఆ పేరులో రెండవ సగం మా గోదావరి జిల్లాలది అని ఆ రోజు మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ చిన్న పనిముట్టు పెద్ద తలుపు తెరిచింది. దానితో కండరాన్ని పరీక్షిస్తుంటే భాస్వరం లెక్క కుదరలేదు. నీలిరంగు క్రమంగా ఆలస్యంగా పెరుగుతూ పోయింది. మరొకరైతే పద్ధతిలో లోపమని కొట్టిపారేసేవారు. వీరు తమ కొలతను నమ్మారు. కండరంలో భాస్వరంతో కూడిన, సులువుగా విడిపోయే పదార్థం ఏదో ఉండాలని వెతికి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా దాని జాడ పట్టారు. 1929లో ఏ.టి.పి. వెలుగులోకి వచ్చింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం దానిని స్వతంత్రంగా కనుగొన్నాడు. మీ జీవశాస్త్ర పుస్తకంలో కణానికి శక్తినిచ్చే నాణెంగా వర్ణించేది ఈ ఏ.టి.పి.నే. మీరు ఈ పుట తిప్పడానికి వేలు కదిపినప్పుడు ఖర్చవుతున్నదీ అదే.

ఆత్మవిశ్వాసం అంటే నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఈ ఘట్టమే. బిగ్గరగా మాట్లాడడం, వేదిక ఎక్కి తడబడకపోవడం మంచివే. మీ బడులలో అవి చక్కగా నేర్పుతారు. సుబ్బారావు గారికి అవేమీ లేవు. ఆయన మితభాషి, పత్రికలవారికి దూరంగా మసలినవాడు. ఆయనకు ఉన్నది తన చేతులతో పదిసార్లు సరిచూసుకున్న కొలత మీద నమ్మకం. లోకం ఒప్పుకున్న సిద్ధాంతానికి, తన నాళికలోని నీలానికి పొత్తు కుదరనప్పుడు నీలం పక్షాన నిలబడగలిగాడు. మన వాఙ్మయంలో దీనికి దగ్గరగా వచ్చే మాట శ్రద్ధ. కఠోపనిషత్తులో బాలుడైన నచికేతునిలో ప్రవేశించినది అదే. వివేకానందుడు యువకులకు పదేపదే గుర్తు చేసినదీ అదే.

1930లో డాక్టరేటు వచ్చింది. గుర్తింపు మాత్రం రాలేదు. మరో పదేళ్ళు హార్వర్డ్‌లో పనిచేసినా స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులు వెలుగు చూడకుండా ఉండిపోయాయని, వాటిని ఏళ్ళ తరువాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, ఫిస్క్ శిష్యుడూ 1988లో నోబెల్ బహుమతి పొందినవాడూ అయిన జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో చెప్పాడు. 1940లో సుబ్బారావు గారు హార్వర్డ్ విడిచి న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఏకాంతంగా పనిచేసే అలవాటున్న మనిషి, ఇప్పుడు ఎందరో శాస్త్రవేత్తలను నడపాలి. ఆ తరువాతి ఎనిమిదేళ్ళలో జరిగినది చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ముందుగా ఫోలిక్ ఆమ్లం. దీని కథకు కూడా మన దేశంలోనే మూలం ఉంది. బొంబాయిలో గర్భిణులైన నూలుమిల్లు కార్మికుల రక్తహీనతను అధ్యయనం చేసిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, ఈస్టు సారమైన మార్మైట్‌తో అది నయమవుతుందని 1931లో చూపింది. (మార్మైట్ పేరెత్తగానే మీరు ముఖం చిట్లించి మన వెజిమైట్ గొప్పదంటారని తెలుసు. దాని సంగతి మరొకసారి.) ఆ ఈస్టులో ఉన్న శక్తి ఏమిటో పదేళ్ళకు పైగా తేలలేదు. లెడర్లీ బృందం 1945 నాటికి దానిని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే క్షీణించిన రక్తం తిరిగి పుంజుకుంది. ఇద్దరు సోదరులు పోయిన 24 ఏళ్ళకు ఆ జబ్బుకు మందు ఆయన ప్రయోగశాల నుంచి వచ్చింది.

తరువాతిది మరీ విచిత్రం. బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలు ఇచ్చి చూశాడు. వ్యాధి తగ్గకపోగా వేగం పుంజుకున్నట్లు కనిపించింది. నిరాశ కలిగించే ఫలితమే. కాని అందులోనే ఒక ప్రశ్న దాగి ఉంది: ఈ విటమిను వ్యాధికణాలకు ఆహారమైతే, విటమినులా కనిపిస్తూ దానికి అడ్డుపడే పదార్థం ఇస్తే ఏమవుతుంది? సుబ్బారావు గారి బృందం అటువంటి పదార్థాలను తయారు చేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేసింది. 1948 జూన్‌లో ఆ ఫలితం ప్రచురితమైంది. అంతవరకు ఆ వ్యాధి పిల్లలకు మరణశాసనమే. మందులతో క్యాన్సర్‌ను ఎదుర్కొనే నేటి వైద్యానికి అది ఒక తొలి మెట్టు.

దాని సోదర ఔషధమే మెథోట్రెక్సేట్. కీళ్ళవాతంతో నా దగ్గరకు వచ్చే రోగులలో చాలామందికి వారానికి ఒక రోజు మెథోట్రెక్సేట్, మరొక రోజు ఫోలిక్ ఆమ్లం రాసి ఇస్తాను. ఒకటి మరొకదానికి విరోధి. రెండింటినీ వేర్వేరు రోజులలో ఇస్తే మందు మేలు చేస్తుంది, బాధ తగ్గుతుంది. ఆ చీటీలోని రెండు వరుసలూ పెర్ల్ రివర్‌లోని ఒకే ప్రయోగశాలకు చేరతాయి.

ఇక బోదకాలు. గోదావరి జిల్లాలలో మీ తాతమ్మల కాలంలో ఈ జబ్బు లేని ఊరు అరుదు. రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికన్ సైనికులకు కూడా అది సోకింది. దానికి సుబ్బారావు గారి బృందం 1947లో డైఇథైల్ కార్బమజైన్ అనే మందును లోకానికి ఇచ్చింది. మన పొరుగున ఉన్న టోంగా, వనువాటు దేశాలు బోదకాలును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసుకున్నది ఆ మందును, దానితోపాటు ఆల్బెండజోల్‌ను ఊరూరా మింగించే. పసిఫిక్ దీవులలో సేవకు వెళ్ళాలని ఉత్సాహపడే వైద్య విద్యార్థులు మీలో ఉంటే, అక్కడి మందుల పెట్టెలో ఒక తెలుగువాడి చేతిపని చూస్తారు.

మనుషులను ఎంచుకోవడంలో కూడా ఆయన తీరు వేరు. విశ్వవిద్యాలయం వయసు చూసి విశ్రాంతికి పంపిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త 70 దాటిన వయసులో లెడర్లీకి వచ్చి, నేలమట్టిలోని సూక్ష్మజీవులను వెతికాడు. బంగారు రంగులో ఉన్న ఆరియోమైసిన్ అలా దొరికింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మొదటి మందు. మొటిమలకు వైద్యుడు రాసిన డాక్సీసైక్లిన్ మీలో ఎవరైనా వాడి ఉంటే, అది ఆ కుటుంబంలోనిదే. పట్టా చూసి తనను పక్కన పెట్టిన లోకంలో పెరిగినవాడు, ఎదుటివారి పట్టా, వయసు చూసి పక్కన పెట్టకపోవడం నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. బృందం ప్రచురించిన వ్యాసాలలో ఆయన పేరు తరచుగా చివరన ఉంటుంది, కొన్నింటిలో అసలు ఉండదు. దీనిని అందరూ వినయంగా పొగుడుతారు. నేను పూర్తిగా పొగడలేను. తన పేరు చెప్పుకోకపోవడం వల్లనే ఆయనను మనం మరిచాము. మీరు చేసిన పనికి మీ పేరు పెట్టుకోండి; అది గర్వం కాదు.

1948 ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశారు. వయసు 53. స్వతంత్ర భారతానికి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది. ఒక శిలీంధ్రానికి శాస్త్రవేత్తలు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు.

ఇక్కడితో ఆపితే చరిత్ర అందంగా ఉంటుంది. కాని శేషగిరి గారిని గుర్తు పెట్టుకోమని మిమ్మల్ని అడిగాను.

ఆయన బోస్టన్‌లో ఉండగానే ఆమెకు కుమారుడు పుట్టాడు. ఏడాది నిండకముందే ఆ బిడ్డ జబ్బుచేసి చనిపోయాడు. తండ్రి వాణ్ణి చూడలేదు. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానని వెళ్ళిన మనిషిని ఒక పని తరువాత మరొక పని పట్టి ఉంచింది. ముందు డబ్బు లేదు, తరువాత తీరిక లేదు, ఆపైన యుద్ధం. ప్రతి కారణమూ నిజమైనదే. మన తరంవారం విమానాలలో వచ్చాము, ఏడాదికో రెండేళ్ళకో వెళ్ళి చూసి వచ్చాము. అయినా తల్లిదండ్రుల చివరి ఘడియలను ఫోను తెరపై చూసినవారు ఈ దేవాలయంలో నాతోపాటు ఎందరో ఉన్నారు. అందుచేత ఆయనను తూచడానికి నాకు చేతులు రావు. కాని లెక్కలో ఆమెను రాయకుండా వదిలేస్తే అది తప్పుడు లెక్క అవుతుంది. భాస్వరం ఒక్క పాలు తేడా వచ్చినా ఒప్పుకోని మనిషి చరిత్రను అలా రాయకూడదు.

శేషగిరి గారు ఆంధ్రదేశంలోనే ఉండిపోయారు. 1922లో ఓడ ఎక్కిన భర్తను ఆమె మళ్ళీ చూడలేదు.